పాత పికప్ పట్టీ ఊడదీస్తే... లింగాల రోడ్లన్నీ బయటపడ్డాయి!

శ్రీశైలం రూట్లో లాంగ్ డ్రైవ్ అనగానే మనలో చాలామందికి తెలిసిన మ్యాప్ ఒక్కటే. కడ్తాల్, ఆమనగల్, డిండి, మన్ననూర్ చెక్‌పోస్ట్, ఫర్హాబాద్ వ్యూపాయింట్. నాలుగు ఫొటోలు, ఒక రీల్, రిటర్న్. మధ్యలో హాజీపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడ కుడి చేతికి తిరిగితే అచ్చంపేట. అచ్చంపేట దాటి ఇంకా లోపలికి పోతే లింగాల. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమలను ఆనుకుని ఉన్న మండల కేంద్రం ఇది. అటువైపు తిప్పే బండ్లు తక్కువే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే ఆ కొద్ది రోజులు మాత్రం సందడే వేరు.

లింగాలలో చూడటానికి ఏముంది అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. గుడి, చెరువు, అడవి అన్నీ ఉన్నాయి. నేనైతే ముందు పికప్ బండ్లను చూడమంటాను. బస్సు రోజుకు కొన్నిసార్లే వస్తుంది, లారీ ప్రతి వాడలోకీ దూరదు. పత్తి బస్తాలు, పల్లికాయ మూటలు, ఎరువులు, సిమెంటు, పెళ్లి సామాను, టెంట్‌హౌస్ కుర్చీలు... అన్నిటికీ పికప్పే దిక్కు. ఏ ఊరి బండి ఏ దారుల్లో తిరుగుతుందో దాని పక్కలు చూస్తే తెలిసిపోతుంది. మొన్న ఎండాకాలం మా మామ పాత బండి సైడ్ పట్టీలు ఊడదీసిన రెండు రోజుల్లో, ఇన్నేళ్లుగా వస్తూ పోతూ నేను చూడని లింగాల కనిపించింది.

ఏపీ 22 బండి

మామది డబుల్ క్యాబిన్ పికప్, 2012 మోడల్. నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 22 ఉంటుంది. ఆ నంబరే ఈ ప్రాంతం చరిత్ర చెబుతుంది. ఏపీ 22 అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ 06 అయింది. 2016లో జిల్లాలు విడగొట్టాక నాగర్‌కర్నూల్‌కు టీఎస్ 31 ఇచ్చారు. 2024 నుంచి అదే టీజీ 31. లింగాల సెంటర్లో పది నిమిషాలు నిలబడితే ఈ నాలుగు రకాల ప్లేట్లూ కనిపిస్తాయి. ఏపీ 22 కనబడితే మాత్రం ఆ బండి పదేళ్లు దాటిన ముసలిదే.

గూడ్స్ బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటితే ఆ ఫీజు కూడా బాగా పెరుగుతుంది. మామ బండికి మే నెలలో ఫిట్‌నెస్ ఉంది. అంతకుముందే కొంటానని ఒకాయన వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగి, పట్టీ కింద ఉబ్బిన పెయింట్‌ను వేలితో నొక్కి చూసి, "లోపలంతా తుప్పే, లక్షా పది" అన్నాడు. మామ ఆశ దానికి దాదాపు రెట్టింపు. మా మరదలు నర్సింగ్ చదువుతోంది. ఫీజు, హాస్టలు అన్నీ ఈ బండి కిరాయిల మీదే నడుస్తాయి. అమ్మితే వచ్చే డబ్బు ఒక్క ఏడాదికి సరిపోతుంది. ఆ తర్వాత బండి ఉండదు, కిరాయి ఉండదు.

"లోపల ఎంత తిన్నదో తెల్వకుండ ఎట్ల అమ్ముత, ఎట్ల ఉంచుకుంట అల్లుడా?" అన్నాడు మామ.

న్యాయమైన ప్రశ్న. జవాబు ఆ పట్టీల వెనకే ఉంది.

ఈ పట్టీ ఎందుకు?

కారు తలుపుల మీద నడుము ఎత్తులో ముందు నుంచి వెనక దాకా ఒక నల్ల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది చూడండి. షాపుల్లో దాన్ని సైడ్ బీడింగ్ అంటారు. పార్కింగ్‌లో పక్క కారు తలుపు తగిలితే దెబ్బ పట్టీ మీద పడాలి, పెయింట్ మీద కాదు. అంటే అది పక్కా సిటీ వస్తువు.

లింగాలలో పార్కింగ్ గొడవ ఎక్కడిది? ఇక్కడ తలుపులకు తగిలేవి వేరు. చేన్ల దారికి రెండు పక్కలా సర్కారు తుమ్మ కంప. అడవి అంచుకు పోతే రేగు కంప. ఎదురుగా పత్తి లోడుతో ట్రాక్టర్ వస్తే బండిని కంపల్లోకి దించాల్సిందే, వేరే దారి లేదు. మామ బండి పట్టీ మీద ఉన్న గీతలన్నీ అలా వచ్చినవే. ఆ పని వరకు పట్టీ బాగానే చేసింది.

కానీ దానికి ఇంకో గుణం ఉంది. పట్టీకీ తలుపు రేకుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. ఎండాకాలం అందులోకి మొరం దుబ్బ దూరుతుంది. వానాకాలం ఆ దుబ్బ తడిసి ముద్దవుతుంది. బయట రేకు గంటలో ఆరినా, సందులో ఉన్న మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పెయింట్ మీద చిన్న గీత పడి ఉంటే చాలు, తుప్పు అక్కడ కాపురం పెట్టేస్తుంది. బయటికేమో నిగనిగలాడే నల్ల పట్టీ కనిపిస్తూనే ఉంటుంది.

మిట్టమధ్యాహ్నమే ముహూర్తం

అచ్చంపేట రోడ్డు మీద ఒక టింకరింగ్ షెడ్ ఉంది. మేస్త్రికి అరవై దాకా ఉంటాయి. యూట్యూబ్ వీడియోల్లో ఈ పనికి హెయిర్ డ్రయర్ వాడతారని చెబితే నవ్వాడు. "గా సూర్యుడున్నడు గదా తమ్మీ. పన్నెండు గంటలకు బండి తెచ్చి ఎండల పెట్టు, జిగురు అదే మెత్తవడ్తది" అన్నాడు. ఏప్రిల్ ఎండలో నల్ల ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టలేం. డబుల్ టేపు జిగురు మెత్తబడటానికి కావాల్సింది ఆ వేడే.

పని జరిగిన వరుస ఇది. మీ ఇంట్లో పాత బండి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మొదట కడగాలి. నీళ్లు ఫోర్సుగా కొట్టి పట్టీ అంచుల్లోని దుబ్బంతా పోగొట్టాలి. ఇది చేయకుండా పని మొదలుపెడితే ఆ ఇసుకే గరుకు కాగితంలా పెయింట్‌ను గీకేస్తుంది.

తర్వాత, పట్టీ దేనితో నిలబడిందో చూడాలి. మూడు రకాలుంటాయి: డబుల్ టేపు జిగురు, రేకు రంధ్రాల్లో దిగే ప్లాస్టిక్ క్లిప్పులు, స్క్రూలు లేదా రివెట్లు. ఒక్కోసారి ఒకే పట్టీకి రెండు రకాలూ ఉంటాయి. మామ బండి పట్టీలు కంపెనీవి కావు. మొదటి ఓనర్ బయట షాపులో వేయించినవి. మధ్యలో టేపు, రెండు చివర్లా ఒక్కో స్క్రూ. స్క్రూ తీయకుండా లాగితే రేకు వంగుతుంది.

స్క్రూలు తీశాక అసలు పని గాలం దారంతో. చేపలు పట్టే గట్టి నైలాన్ దారం రెండు చివర్లూ రెండు చిన్న కట్టెలకు చుట్టాలి. పట్టీ పైఅంచు వెనకకు దారాన్ని దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ కిందికి రావాలి. దారం మెత్తబడిన జిగురును కోసుకుంటూ పోతుంది. దాన్ని పట్టీ వైపు ఆనించి లాగాలి, పెయింట్ వైపు కాదు. ఒకచోట బిగుసుకుంటే బలం పెట్టకూడదు, ఇంకాసేపు ఎండలో ఉంచాలి. ఒక చివర మామ, ఒక చివర నేను. ఒక్కో తలుపుకు ఇరవై నిమిషాలు పట్టింది.

క్లిప్పులున్న పట్టీ అయితే దారం పనికిరాదు. క్లిప్పు పక్కనే వెదురు బద్దగానీ పాత ఏటీఎం కార్డుగానీ దూర్చి మెల్లగా పైకి లేపాలి. స్క్రూడ్రైవర్ తప్ప ఇంకేమీ లేదంటే దాని మొనకు గుడ్డ చుట్టాలి. తలుపులు అయిపోయాక ముందూ వెనకా రేకుల మీది ముక్కలు తీయాలి. పక్కన ఇండికేటర్ లైట్ ఉంటే దాని వైర్ ఎటు పోతోందో ముందే చూసుకోవాలి.

చివరికి రేకు మీద జిగురు చారలు మిగులుతాయి. బొటనవేలితో రుద్దితే చాలావరకు ఉండలుగా చుట్టుకుని రాలిపోతాయి. మిగిలిన దానికి కిరసనాయిలు తడిపిన గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచి తుడవాలి. ఆ తర్వాత సబ్బు నీళ్లు. థిన్నర్ జోలికి మాత్రం పోవద్దు. రీపెయింట్ చేసిన బండి అయితే జిగురుతో పాటు రంగు కూడా లేచి వస్తుంది.

పట్టీ వెనక ఏం దొరికింది?

మొదటి పట్టీ ఊడగానే కింద పడింది మట్టి. పొడి కాదు, బిళ్ల. ఎర్రటి మొరం గట్టిపడి పట్టీ ఆకారంలోనే అచ్చు పోసినట్టుంది. విరిస్తే లోపల పొరలు. ఎర్ర చల్క నేలల దుబ్బ, మధ్యలో నల్లరేగడి. ఈ మండలంలో పత్తి చేలకూ పల్లి చేలకూ మధ్య తిరిగిన బండి వెనక ఇంకేముంటుంది? ఆ మట్టిలో పత్తి నూగు, పల్లికాయ పొట్టు కలిసి ఉన్నాయి.

వెనక తలుపు పట్టీ కింద వేలెడంత మట్టి గూడు దొరికింది. కందిరీగది. ఖాళీది. ఏ చేను గట్టున బండి ఆగి ఉన్నప్పుడు కట్టుకుందో!

మామకు అవన్నీ గుర్తులే. "ఇగో గీ నల్లమట్టి కొల్లాపూర్ దిక్కు మామిడికాయకు పోయినప్పటిది. ఎర్రది మనదే" అని వేరు చేసి చూపించాడు. వానల్లో అప్పాపూర్ దిక్కు సామాను దింపడానికి పోయి బండి కూరుకుపోయిన సంగతీ చెప్పాడు. అప్పాపూర్ చెంచు పెంట. చెంచుల గూడేలను ఇక్కడ పెంటలంటారు. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉంటుంది. రిజర్వ్ మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పులుల అడవి లోపల రోడ్డు వేయాలంటే అటవీ అనుమతులు కావాలి, అందుకే చాలా పెంటలకు మట్టి దారులే గతి. ఆ దారుల్లో బియ్యం పోవాలన్నా, చెంచులు సేకరించిన తేనె, బంక, కుంకుడు కాయ బయటికి రావాలన్నా ఏదో ఒక బండి ఆ బురదలో దిగాల్సిందే. సిటీ నుంచి వచ్చే మనకు అడవి దారి ఒక అడ్వెంచర్. ఇక్కడి బండికి అది రోజువారీ కిరాయి, ప్రతి కిరాయికీ రేకు కొంచెం అరుగుతుంది.

అసలు షాక్ డ్రైవర్ వెనక తలుపు దగ్గర తగిలింది. పట్టీ పైన ఉన్న తెలుపు, కింద ఉన్న తెలుపు ఒకటి కాదు. మధ్యలో సన్నని గీతలా అతుకు. మేస్త్రి జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. పైన పెడితే టక్కున అంటుకుంది. కింద పెడితే జారిపోయింది. అంటే కింద రేకు మీద మందంగా లప్పం. బండి మామ చేతికి రాకముందే ఎక్కడో గట్టి దెబ్బ తిన్నది. లప్పం పెట్టి, సగం తలుపుకే రంగు వేసి, రెండు రంగుల అతుకు కనబడకుండా దాని మీద పట్టీ అతికించారు. అందం కోసం వేయించారని మామ ఇన్నేళ్లూ అనుకున్న పట్టీ అసలు పని అది.

సెకండ్ హ్యాండ్ బండి కొనబోతున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. బయట షాపులో వేయించిన బీడింగ్ కనబడితే, పైనా కిందా రంగు ఒకటేనా అని ఎండలో చూడండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపు నిండా తిప్పండి. పట్టు వదిలిన చోట లప్పం ఉన్నట్టే.

గుచ్చితే తెలుస్తుంది

తుప్పు అనగానే బండి పోయినట్టు కాదు. మేస్త్రి దాన్ని మూడు రకాలుగా చూస్తాడు. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొడి రాలి కింద మెరిసే ఇనుము కనబడితే అది పైతుప్పు. పొరలు పొరలుగా లేచి గుంటలు పడితే నడిమి రకం. మొన నొక్కగానే లోపలికి దిగిపోతే ఆ రేకు పోయినట్టే, కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి.

మొత్తం బండి చుట్టూ గుచ్చి చూశాం. మూడు తలుపులకు పైతుప్పే. డ్రైవర్ వెనక తలుపు కింది అంచున మాత్రం మొన దిగిపోయింది, రూపాయి బిళ్లంత రంధ్రం. దానికి కారణం పట్టీ ఒక్కటే కాదు. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అద్దం సందులోంచి లోపలికి దిగిన వాన నీళ్లు వాటి గుండా బయటికి పోవాలి. మొరం నిండి అవి మూసుకుపోయాయి. నీళ్లు లోపలే నిలిచాయి. తలుపు లోపలి నుంచి బయటికి తుప్పు పట్టింది. సైకిల్ పుల్లతో పొడిస్తే ఆ రంధ్రంలోంచి పిడికెడు మట్టి వచ్చింది.

తర్వాత బండిని పైకి లేపి ఛాసిస్ చూశారు. సుత్తితో కొడితే ఈ కొస నుంచి ఆ కొస దాకా గట్టి చప్పుడే. మామ ముఖంలో మూడు రోజుల తర్వాత నవ్వు కనిపించింది అప్పుడే. తలుపు మార్చుకోవచ్చు, ఛాసిస్ పోతే బండే పోతుంది.

వెనక ట్రాలీ పక్కలకు అందం కోసం వేసిన అల్యూమినియం పట్టీ కూడా తీసేశాం. దానికి రివెట్లు. రివెట్ తలను డ్రిల్‌తో తొలిచేస్తే పట్టీ వదులవుతుంది. డ్రిల్ చేసినప్పుడు రాలే ఇనుప రజనును వెంటనే కడిగేయాలి, లేకపోతే అదే పెయింట్ మీద తుప్పు చుక్కలవుతుంది. అల్యూమినియం, ఇనుము ఆనుకుని తడుస్తూ ఉంటే అల్యూమినియం తెల్లని పొడిలా రాలిపోతుంది. ఇక్కడ అదే జరిగింది, సగం పట్టీ చేతిలోనే పొడైంది.

ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. పక్కన ఉన్న పసుపు రేడియం టేపు. ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు. ఇవి అలంకారం కాదు, రూలు. ఫిట్‌నెస్‌లో చూస్తారు. వీధి దీపం లేని దారిలో రాత్రి ఆగి ఉన్న బండిని ఎదుటివాడికి చూపించేది ఆ టేపే.

మళ్లీ పట్టీ పెట్టాలా?

మిగతా పని మేస్త్రిది. తుప్పును వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో మెరిసే ఇనుము దాకా తీయడం, ప్రైమర్ కొట్టడం, పోయిన చోట రేకు ముక్క వెల్డింగ్, ఆ తర్వాతే పల్చగా లప్పం, చివరికి రంగు. తుప్పు మీద నేరుగా లప్పం పెడితే అది తడిని పీల్చుకుని ఏడాదిలో ఉబ్బుతుంది. స్క్రూల, రివెట్ల రంధ్రాలన్నీ మూసేశారు. మొత్తం పద్నాలుగు వేలు అయింది. కొనడానికి వచ్చినాయన తగ్గించి అడిగిన దాంతో పోలిస్తే చాలా తక్కువ. మామ ఆయనకు ఫోన్ చేసి "అమ్ముతలేను" అన్నాడు, అంతే.

షాపులో కొత్త బీడింగ్ ఉంది, వేద్దామా అని మేస్త్రి అడిగాడు. మామ ఒప్పుకోలేదు. "గీతలు పడితే పడనీ. కండ్లకు కనబడ్తయి, రంగు ఏసుకుంట. లోపల తినేది కనబడది గదా!"

పాత పట్టీల సంగతి. అల్యూమినియం ముక్కలను పాత సామాన్లాయన తూకానికి తీసుకున్నాడు. ప్లాస్టిక్‌ను ఎవరూ అడగలేదు. చాలాచోట్ల ఇలాంటివి ఊరి బయట చెత్తలోనో వాగులోనో తేలతాయి. లింగాలలో ఊరి బయట అంటే ఆ తర్వాత అడవే. వాటిని మూటగట్టి షెడ్‌లోనే ఉంచాం. ఒక ముక్కను మేస్త్రి కోసి తలుపు అద్దాల పనిలో వాడుకున్నాడు కూడా.

జాతరకు బండి సిద్ధమైంది. అన్నదానం బియ్యం, వంటపాత్రలు, నీళ్ల క్యాన్లు ఎక్కించారు. మనుషుల్ని ఎక్కించమని అడిగినవాళ్లకు మామ కుదరదన్నాడు, గూడ్స్ బండి కదా. ఆ తర్వాత మే నెలలో ఫిట్‌నెస్ కూడా అయింది.

తొలకరికి ముందు ఓ పది నిమిషాలు

మీ ఇంట్లో పికప్ ఉండాలని లేదు. నాన్న పాత కారైనా, బాబాయి ఆటో ట్రాలీ అయినా ఇదే లెక్క. తొలకరి పడకముందే తలుపుల అడుగున ఉన్న నీటి రంధ్రాలు వెతికి పుల్లతో శుభ్రం చేయండి. బీడింగ్ అంచు వెంట గోరుతో నొక్కండి, పెయింట్ ఉబ్బి పిసపిసలాడితే ఆ పట్టీ విప్పాల్సిన టైమొచ్చినట్టే. విప్పాక కనబడిన దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, బేరం చేసేటప్పుడు పనికొస్తుంది.

ఇక లింగాల దిక్కు వస్తే సలేశ్వరం ఫొటోలతో పాటు అచ్చంపేట రోడ్డు మీద ఎదురొచ్చే పికప్‌ల పక్కలు కూడా ఓసారి చూడండి. కంప గీతలతో, పట్టీ లేకుండా, ఏపీ 22 ప్లేటుతో ఒక తెల్ల బండి కనబడితే చెయ్యి ఊపండి. మామ తప్పకుండా హారన్ కొడతాడు.